ఖర్చు పట్టికలో ఎవరి పేరు లేదు?

(సామాజిక అభివృద్ధి పథకాల మదింపు గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక సంస్థలోనో సంఘంలోనో పనిచేస్తున్నవాళ్లే కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. మీరొక పథకం తలపెడతారు. మంచినీళ్లు కావచ్చు, చిన్నపిల్లల కేంద్రం కావచ్చు, యువతకి పని నేర్పించడం కావచ్చు. నిధులిచ్చేవాళ్లు మొదట అడిగేది ఒకటే, పెట్టేదెంత, వచ్చేదెంత అని. ఆ ప్రశ్నకి పద్ధతి ప్రకారం జవాబు వెతకడాన్నే కాస్ట్ బెనిఫిట్ ఎనాలిసిస్ అంటున్నాం. ఈ పూటకి ఖర్చు ప్రయోజనాల లెక్క అందాం.

మన రంగంలో చాలామందికి ఈ లెక్క అంటే పడదు. మనుషుల బతుకులకి వెల కడతారా అని కోపం వస్తుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ దాంతో ఏకీభవించను. ఎందుకంటే లెక్క వేయకపోయినా నిర్ణయం ఆగదు కదా. డబ్బు ఒక చోటికి వెళ్తుంది, ఇంకో చోటికి వెళ్లదు. ఎవరూ విలువ కట్టని సంగతి ఆ నిర్ణయంలో సున్నా అయిపోతుంది, అంతే. నా గొడవంతా లెక్క వేయడం గురించి కాదు, సగం వదిలేసి వేయడం గురించి. ముఖ్యంగా ఖర్చు వైపు.

ఇది ఎక్కడ మొదలైందో కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇవాళ్టి తగాదాలన్నీ అక్కడే ఉన్నాయి. 1844లో ఫ్రాన్స్‌లో జూల్ ద్యుప్యుయీ అనే ఇంజనీరు, రోడ్లు, వంతెనలు కట్టించే శాఖ మనిషి, ఒక మంచి ప్రశ్న వేశాడు. వంతెన మీద వసూలయ్యే సుంకమే ఆ వంతెన ప్రయోజనమా? కాదన్నాడు. దాని మీద నడిచే ప్రతి మనిషీ, అవసరమైతే ఎంతవరకు ఇవ్వడానికి సిద్ధపడతాడో అది అసలు ప్రయోజనం. సుంకం చిన్నదే కావచ్చు, సుంకమే లేకపోవచ్చు, వంతెన విలువ మాత్రం ఉంటుంది. ఉచితంగా అందించే సేవకి విలువ ఎలా కట్టాలి అన్నదానికి ఇప్పటికీ మనం దాదాపు ఈ జవాబే వాడుతున్నాం.

తర్వాత 1936. అమెరికాలో వరద నియంత్రణ చట్టం వచ్చింది. ప్రాజెక్టు వల్ల కలిగే ప్రయోజనాలు, అవి ఎవరికి చేరినా సరే, అంచనా ఖర్చుల కన్నా ఎక్కువగా ఉంటేనే ప్రభుత్వం ముందుకెళ్లాలని అందులో రాశారు. అప్పటికది పెద్ద ముందడుగు, ఎందుకంటే పలుకుబడి ఉన్నవాళ్ల ప్రాంతానికే ఆనకట్ట అనే ధోరణికి ఒక హద్దు పెట్టింది. కానీ "ఎవరికి చేరినా సరే" అన్నచోట ఒక పెద్ద తలుపు తెరుచుకుంది. లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి అయినా మొత్తం కలిపితే ప్లస్ వస్తే చాలా? 1939లో కాల్డర్, హిక్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీనికో సిద్ధాంతం ఇచ్చారు. లాభపడినవాళ్లు, నష్టపోయినవాళ్లకి పరిహారం ఇచ్చి కూడా ఇంకా మిగుల్చుకోగలిగితే ఆ పని సమాజానికి మంచిదే అని. గమనించండి, ఇవ్వగలిగితే చాలు. నిజంగా ఇవ్వాలని లేదు. ఇళ్లు పోయినవాడికి ఈ "ఇవ్వగలిగితే" వల్ల ఒరిగేదేమీ లేదు.

సరే, చరిత్ర చాలు. ఒక పట్టిక చూద్దాం.

ఈ మధ్య నా దగ్గరికి ఒక మంచినీటి పథకం పత్రం వచ్చింది. ఏ సంస్థదో చెప్పను, ఆ అవసరం లేదు, ఇలాంటివి అన్ని చోట్లా ఉన్నాయి. ఖర్చు పట్టిక చాలా శుభ్రంగా ఉంది. బోరు, మోటారు, ట్యాంకు, పైపులు, వాల్వులు, రవాణా, ఇంజనీరు ఫీజు. వాల్వుల సంఖ్య కూడా తప్పు లేకుండా రాశారు. ఆఖరి వరసలో "స్థానికుల శ్రమ" అని ఉంది, ఎదురుగా సున్నా. పైపుల కోసం కందకాలు తవ్వింది ఊరి జనం. వాళ్లు కూలి తీసుకోలేదు కాబట్టి సున్నా. మరి తవ్విన రోజుల్లో వాళ్లు పొలానికి పోలేదు, కూలికి పోలేదు, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవాళ్లు లేరు. డబ్బు చేతులు మారలేదు, నిజమే. కానీ ఆ రోజులు ఖర్చయ్యాయి. ఈ లెక్కలో ఖర్చు అంటే జేబులోంచి పోయింది కాదు, వదులుకున్నది. శ్రమదానాన్ని గొప్పగా పొగుడుతాం, ఫొటోలు తీస్తాం, పట్టికలో మాత్రం సున్నా రాస్తాం. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, అది కూడా చెప్పాలి. పని దొరకని చోట, ఖాళీగా ఉన్న మనిషి తవ్వితే సమాజం వదులుకున్నది చాలా తక్కువ, కాబట్టి మార్కెట్ కూలి మొత్తం వేయడం తప్పు అంటారు. ఈ మాటలో నిజం ఉంది. అలాంటప్పుడు శ్రమకి వేరే రేటు వేస్తారు, ఛాయా ధర అంటారు దాన్ని. అయితే తక్కువ అంటే సున్నా కాదు. పైగా "ఖాళీగా ఉన్నారు" అని తేల్చేది ఎవరు? ఇంటిపనీ, పిల్లల పనీ, పశువుల పనీ చేసే ఆడవాళ్లని ఖాళీగా ఉన్నట్టు రాసిన సర్వేలు కావలసినన్ని ఉన్నాయి. వాళ్లనే అడగండి, ఆ రోజు ఏం చేసేవారో. పెద్ద పనేం కాదు అది.

ఇప్పుడు అంకెలు పెట్టి చూద్దాం. కరెన్సీ వద్దు, ఊరికే అంకెలు. పథకం కట్టడానికి 100. ఏటా ప్రయోజనం 14 అనుకుందాం, అందులో 10 నీళ్లు మోసే సమయం మిగలడం వల్ల, 4 జబ్బులు తగ్గడం వల్ల. ఏటా నిర్వహణకి 5. అంటే ఏటా నికరంగా 9, 20 ఏళ్లపాటు. రాబోయే ఏళ్ల డబ్బుని ఇవాళ్టి విలువకి కుదించాలి కాబట్టి డిస్కౌంట్ రేటు ఒకటి కావాలి. 3.5 శాతం వేస్తే ఆ 20 ఏళ్ల నికర ప్రయోజనం ఇవాళ్టి లెక్కలో 128 దాకా వస్తుంది. పెట్టింది 100, కాబట్టి 28 మిగులు. బాగుంది. ఇప్పుడు ఊరివాళ్ల శ్రమకి 20 కలపండి. ఖర్చు 120, మిగులు 8. ఇంకా పాస్ అయినట్టే. చూశారా, శ్రమని కలిపినంత మాత్రాన పథకం చచ్చిపోలేదు. నిజం రాయడానికి భయపడక్కర్లేదు.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. మోటారు ఎనిమిదో ఏట కాలిపోయి, బాగుచేసే దిక్కు లేక పథకం మూలన పడిందనుకోండి. ప్రయోజనం ఎనిమిదేళ్లకే ఆగిపోతుంది. అప్పుడు అదే 3.5 శాతంతో వచ్చేది సుమారు 62. పెట్టింది 120. సగం పోయింది. ఇదేదో భయపెట్టడానికి అల్లిన ఊహ కాదు. సహారాకి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో చేతిపంపుల మీద చేసిన సర్వేలు చూస్తే, ఏ సమయంలో చూసినా దాదాపు మూడో వంతు పనిచేయకుండా ఉంటాయని తేలింది. మూడింట ఒకటి! కట్టేటప్పుడు ఫొటో దిగడానికి వచ్చినవాళ్లలో ఎంతమంది వాషర్ మార్చడానికి వస్తారు? అందుకే పత్రంలో "20 ఏళ్లు" అని కనిపించగానే నేను అడిగే మొదటి ప్రశ్న, ఇరవై ఏళ్లూ దీన్ని నడిపేది ఎవరు, విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, దానికి డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది. జవాబు లేకపోతే ఆ 20ని కొట్టేసి 8 వేయండి. పథకం అప్పటికీ నిలబడితే అప్పుడు మాట్లాడుకుందాం.

డిస్కౌంట్ రేటు గురించి రెండు మాటలు. ఇది సాంకేతిక విషయమని చాలామంది వదిలేస్తారు, వదలకండి. ఇందాకటి పథకమే, శ్రమ కలపకుండా, 100 ఖర్చుతో, 10 శాతం రేటుతో వేస్తే వచ్చేది 77 లోపే. 28 మిగులు కాస్తా 23 నష్టం అయింది. పథకంలో ఒక్క పైపు కూడా మారలేదు, ఒక్క అంకె మారింది. 20 ఏళ్ల తర్వాత వచ్చే 100కి 3.5 శాతంతో ఇవాళ 50 విలువ, 10 శాతంతో 15. బ్రిటన్ ఆర్థిక శాఖ మార్గదర్శకాలు, గ్రీన్ బుక్ అంటారు వాటిని, 3.5 శాతం వాడమంటాయి, 30 ఏళ్లు దాటితే ఇంకా తగ్గించమంటాయి. ప్రపంచ బ్యాంకు, ఇతర అభివృద్ధి బ్యాంకులు చాలాకాలం 10 నుంచి 12 శాతం వాడాయి. చిన్నపిల్లల చదువు, చెట్లు, భూగర్భ జలాలు, ఇలా ఫలితం ఆలస్యంగా వచ్చే పనులన్నీ ఎక్కువ రేటు దగ్గర ఓడిపోతాయి. కాబట్టి ఎవరైనా మీ పథకాన్ని లాభసాటి కాదు అని తిప్పి పంపితే రేటెంత వేశారో అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు ఆ 14లో ఉన్న 10 దగ్గరికి వద్దాం, అదే సమయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తాగునీరు, పారిశుద్ధ్యం మీద ప్రపంచవ్యాప్త లెక్క ఒకటి వేసింది. పారిశుద్ధ్యం మీద పెట్టిన ఒక డాలరుకి 5.5 డాలర్లు, తాగునీటి మీద పెట్టిన ఒక డాలరుకి 2 డాలర్లు తిరిగొస్తాయని. వాటిలో పెద్ద భాగం వైద్యం ఖర్చు తగ్గడం కాదు, సమయం మిగలడం. నీళ్ల కోసం నడిచే సమయం, క్యూలో నిలబడే సమయం, మరుగు కోసం దూరం పోయే సమయం. అంటే సమయానికి ఎంత విలువ కట్టామన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంది. మన ఉదాహరణలో 120 ఖర్చుతో చూస్తే, సమయం విలువని 6 శాతం తగ్గిస్తే చాలు, పథకం నష్టంలోకి జారిపోతుంది.

మరి ఎవరి సమయం ఎంత? మామూలుగా చేసేది ఏమిటంటే కూలి రేటు చూసి గంటకి ఇంత అని వేస్తారు. తక్కువ కూలి వచ్చేవాళ్ల గంట చవక, ఎక్కువ జీతం వచ్చేవాళ్ల గంట ఖరీదు. దీని పర్యవసానం ఆలోచించండి. కార్లు వెళ్లే ఫ్లైఓవర్‌కి పది నిమిషాలు మిగిలితే బోలెడు ప్రయోజనం, నీళ్లు మోసే మనిషికి గంట మిగిలితే కాసింత ప్రయోజనం. లెక్క ఎక్కడా తప్పలేదు, కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ డబ్బు మాత్రం ప్రతిసారీ ఒకవైపే పోతుంది. ఎంత ఇవ్వడానికి సిద్ధపడతారు అన్న ద్యుప్యుయీ ప్రశ్నలో ఉన్న ఇబ్బంది ఇదే. ఇవ్వడానికి చేతిలో ఉండాలి కదా.

లండన్ మూడో విమానాశ్రయం కథ ఇక్కడ చెప్పాలి. 1968లో రాస్కిల్ కమిషన్ వేశారు, ఎక్కడ కట్టాలో తేల్చమని. అప్పటికి అంత పెద్ద ఖర్చు ప్రయోజనాల లెక్క మరోటి లేదనే చెప్పాలి. ప్రయాణికులు విమానాశ్రయానికి చేరే సమయం లెక్కలో చాలా బరువు తూగింది, కాబట్టి సముద్రం పక్కన దూరంగా ఉన్న స్థలం కన్నా లోపల ఉన్న కబ్లింగ్‌టన్ నయమని మెజారిటీ సభ్యులు తేల్చారు. పక్క ఊరు స్ట్యూక్లీలో 12వ శతాబ్దపు చర్చి ఉంది, దాని విలువని పరిశోధన బృందం అగ్నిప్రమాద బీమా మొత్తం ఆధారంగా వేసిందని గోల గోల అయింది. కమిషన్‌లో ఒక సభ్యుడు, పట్టణ ప్రణాళికావేత్త కోలిన్ బుకానన్, విభేదిస్తూ వేరుగా రాశాడు. 1971లో ప్రభుత్వం కమిషన్ సిఫార్సు పక్కన పెట్టి సముద్రం పక్క స్థలాన్నే ఎంచుకుంది, 1974లో అది కూడా ఆపేసింది. కొందరు దీన్ని చూపించి ఈ పద్ధతే పనికిరాదంటారు. నాకు అలా అనిపించదు. పట్టిక బయటికి వచ్చింది కాబట్టే చర్చికి ఎంత వేశారో జనానికి తెలిసింది, తెలిసింది కాబట్టే తగువు పెట్టుకోగలిగారు. లెక్క మూసిపెడితే ఆ అవకాశం కూడా ఉండదు.

అయితే పరిష్కారం లేదా? ఉంది, పాతదే. 1972లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం పార్థ దాస్‌గుప్తా, స్టీఫెన్ మార్గ్లిన్, అమర్త్య సేన్ కలిసి ఒక మార్గదర్శి రాశారు. ప్రయోజనం ఎవరికి చేరుతుందో చూసి దానికి తగ్గట్టు బరువు ఇవ్వాలని అందులో వాదించారు. ఇందాక చెప్పిన గ్రీన్ బుక్‌లో కూడా ఈ లెక్క ఉంది. జనాభాలో సరిగ్గా మధ్యలో ఉన్న ఆదాయంలో సగమే సంపాదించే మనిషికి అందే ప్రయోజనాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేసి చూడొచ్చు. అంత గణితం వద్దనుకుంటే ఇంకో పని చేయండి. మొత్తం ఒక్క అంకెగా రాయకండి. పట్టికలో అడ్డం వరసల్లో ఖర్చులు, ప్రయోజనాలు రాసి, నిలువు గడుల్లో మనుషుల్ని రాయండి. భూమి ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ఆడవాళ్లు, కిందికి నీళ్లు పారే ఊరివాళ్లు, నిధులిచ్చేవాళ్లు. ప్రతి గడీ నింపండి. మీ సంస్థకి కూడా ఒక గడి పెట్టండి, మీ జీతాలు కూడా ఎవరో పెట్టే ఖర్చే కదా. మొత్తం ప్లస్ వచ్చిన పథకంలో భూమి లేనివాళ్ల గడిలో మైనస్ కనిపిస్తే, అప్పుడు మాట్లాడాల్సింది ఆ మైనస్ గురించే. కాల్డర్, హిక్స్ "ఇవ్వగలిగితే" అన్నారు కదా, ఎంత ఇవ్వాలో ఆ గడే చెప్తుంది. ఆ పరిహారాన్ని పథకం బడ్జెట్‌లోనే పెట్టండి.

ప్రయోజనం వైపు మనం చేసే పొరపాటు కూడా చెప్పాలి, న్యాయంగా ఉండాలంటే. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అని పోలుస్తాం. సరైన పోలిక అది కాదు. పథకం ఉంటే ఎలా ఉండేది, లేకపోతే ఎలా ఉండేది అన్నది పోల్చాలి. 50 మందికి శిక్షణ ఇచ్చారు, 30 మందికి ఉద్యోగం వచ్చింది, 30 మన ఖాతాలో వేసేసుకుంటాం. అందులో శిక్షణ లేకపోయినా ఉద్యోగం దొరికేవాళ్లు ఎందరు? మనవాళ్లు చేరడం వల్ల ఆ ఉద్యోగం దొరక్క వెనక్కి పోయినవాళ్లు ఎందరు? ఇవి తీసేస్తే 30 కాస్తా 10 కావచ్చు. బాధగా ఉంటుంది, కానీ 10 కూడా పదిమంది మనుషులే, అబద్ధపు 30 కన్నా నిలబడే 10 నయం.

ఒక్కోసారి ఇది తిరగబడి కూడా వస్తుంది, మనం తక్కువ లెక్క వేస్తాం. కెన్యాలో పశ్చిమాన బుసియా ప్రాంతంలో 75 ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకి నులిపురుగుల మందు ఇచ్చి ఎడ్వర్డ్ మిగెల్, మైఖేల్ క్రీమర్ చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. మందు ఇచ్చిన బళ్లలో గైర్హాజరీ పావు వంతు తగ్గిందని అందులో తేలింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మందు మింగని పిల్లలకి కూడా మేలు జరిగింది, ఎందుకంటే పురుగులు ఒకరి నుంచి ఒకరికి సోకడం తగ్గింది. మందు మింగినవాళ్లనే లెక్కపెట్టి ఉంటే ఆ మేలు కనపడేదే కాదు. తర్వాత ఆ అంకెల మీద చాలా వాదాలు నడిచాయి, ఎవరికి నచ్చిన వైపు వాళ్లు నిలబడ్డారు, కానీ చుట్టుపక్కల చూడండి అన్న పాఠం మాత్రం నిలిచింది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: గౌరవం, ఐకమత్యం, భద్రత లాంటివాటికి అంకె ఎలా వేస్తాం సార్?)

అన్నింటికీ వేయక్కర్లేదమ్మా. సర్వే చేసి, ఇది కాపాడటానికి ఎంత ఇస్తారు అని అడిగే పద్ధతి ఉంది. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌకలోంచి అలాస్కా తీరంలో చమురు ఒలికిపోయాక ఆ పద్ధతి మీద పెద్ద చర్చే జరిగింది, 1993లో కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో నేతృత్వంలో ఒక నిపుణుల బృందం కూర్చుని, జాగ్రత్తగా చేస్తే దాన్ని నమ్మొచ్చు అని కొన్ని నియమాలు కూడా పెట్టింది. కానీ చిన్న సంస్థకి అంత సర్వే చేసే స్తోమత ఉండదు. మీరు చేయగలిగింది ఇది. అంకె వేయగలిగినవి వేసేయండి. ఖర్చు కన్నా ప్రయోజనం 15 తక్కువ పడిందనుకోండి. అప్పుడు అంకె వేయనివాటిని పక్కన మాటల్లో రాసి జనం ముందు పెట్టండి. రాత్రిపూట ఆడపిల్లలు భయం లేకుండా మరుగుకి వెళ్లగలగడం మనందరికీ కలిపి 15 విలువ చేస్తుందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు.

(సభలోంచి: మాది చాలా చిన్న పథకం. ఇంత లెక్క వేయడానికే సగం బడ్జెట్ పోతుంది కదా?)

నిజమే, లెక్క వేయడం కూడా ఖర్చే. చిన్న పథకానికి కన్సల్టెంట్‌ని పెట్టొద్దు. ఒకే కాగితం, ఒక సాయంత్రం, ఊళ్లోవాళ్లతో కూర్చుని. అన్నీ కచ్చితంగా కనుక్కోవాలని టెన్షన్ పడొద్దు. తిప్పి అడగండి: ఈ పథకం పెట్టుబడి తిరిగి రావాలంటే ఇంటికి రోజుకి ఎంత సమయం మిగలాలి? లెక్కలో 20 నిమిషాలు అని వచ్చిందనుకోండి. ఇప్పుడు నీళ్లకి పోయే మనిషిని అడగండి, ఎంత పడుతుంది అని. గంటన్నర అంటే, మీ అంచనాలు కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మొదలుపెట్టండి. పావుగంట అంటే ఆ పైపులు అక్కడ వేయొద్దు, ఆమెకి నిజంగా ఏది కష్టంగా ఉందో అడిగి దానికి పెట్టండి ఆ డబ్బు.